ఆయిల్ లైటు మీద బొట్టు

అంబదాస్‌తో నా పరిచయం బురద నీళ్లతో మొదలైంది.

డిగ్రీ ఫలితాలు వచ్చిన వారం, మేనత్తకు పాసైన సంగతి చెప్పడానికి కరీంనగర్ నుంచి లక్సెట్టిపేట వెళ్లాను. బస్టాండు ముందు ఒకటే వాన. ఒంటి మీద కొత్త తెల్ల చుడీదార్. ఒక వ్యాన్ గుంతలో దిగి, నన్ను నడుము దాకా తడిపి, చక్కా పోయింది.

"ఓ వ్యానాయనా! కండ్లు ఇంట్ల పెట్టొచ్చినవా?" అని అరిచాను.

వ్యాన్ ఆగింది. అంత రద్దీలో, అందరూ హారన్లు కొడుతుండగా, వెనక్కి వెనక్కి వచ్చి సరిగ్గా నా ముందు నిలబడింది.

"తిట్టు సగమే ఇనవడ్డది మేడం. మిగిలింది గూడ తిట్టుండ్రి, ఇని పోత" అన్నాడు డ్రైవర్, కిటికీలోంచి తన తువ్వాలు చాపుతూ.

తువ్వాలుకు డీజిల్ వాసన. ఆ వాసన నాకు నచ్చిందని అతనికి ఇప్పటికీ చెప్పలేదు.

ఏడు నెలలకు, మాఘమాసంలో, మా పెళ్లయింది. ఒకరోజు అడిగాను, "ఆనాడు రివర్స్‌ల ఎందుకొచ్చినవ్? పోతే పోతుంటివి గద?"

"తప్పు జేసినంక ముందటి గేరు పడది నాకు" అన్నాడు.

ఈ ఒక్క మాట మీద నేను రెండు రోజులు బతికాను. అన్నంలో ఉప్పు వేయడం కూడా మరిచిపోయాను.

మా మామగారు మగ్గం నేసినవారు. అంబదాస్‌కు మాత్రం మగ్గం గుంతలో కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయట. అందుకని సెకండ్ హ్యాండ్ వ్యాన్ కొని, వేములవాడ రాజన్న దర్శనానికి జనాన్ని తీసుకుపోయేవాడు. ఖాళీ ఉన్న రోజు ముందు సీటు నాది. రాయపట్నం వంతెన దగ్గర ఆగి, గోదావరిని చూస్తూ ఒకే గ్లాసులో చాయ్ తాగేవాళ్లం. నా కాలి కొత్త మట్టెలు బండి రేకుకు తగిలి టింగుమంటే, "ఇంజన్ల ఏదో సౌండస్తుందే" అని ఏడిపించేవాడు.

కాపురానికి వచ్చిన మొదటి శుక్రవారం వ్యాన్‌కు పూజ చేశాను. టైర్ల కింద నిమ్మకాయలు, అద్దానికి బంతిపూలు. స్టీరింగ్ వెనక చొక్కా గుండీ అంత గాజు ఒకటి కనిపించింది. నాకోసమే ఖాళీగా ఉంచిన నొసలులా ఉంది. పసుపు తడిపి దాని నిండా అద్ది, మధ్యలో కుంకుమ పెట్టాను.

అంబదాస్ చూశాడు. ఏదో అనబోయి ఆగాడు.

"ఏంది?" అన్నాను.

"ఏం లే. బండికి గూడ పెండ్లయినట్టున్నది."

మురిసిపోయాను. ప్రతి శుక్రవారం పాత బొట్టు మీద కొత్త బొట్టు పెట్టాను. అలా నాలుగు శుక్రవారాలు.

శివరాత్రి ఇంకా మూడు రోజులుందనగా, భక్తులతో బయలుదేరిన వ్యాన్ రాయపట్నం వంతెన దాటగానే, డబ్బాలో రాళ్లు పోసి ఊపినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కొందరు బస్సులెక్కారు, కొందరు ఇంటికి మళ్లారు. ఒక లారీ వాళ్లు తాడు కట్టి వ్యాన్‌ను లక్సెట్టిపేటకు లాక్కొచ్చి బస్టాండు ఎదుటి హనుమండ్లు షెడ్డు ముందు వదిలారు. కబురు తెలిసి నేనూ పరుగెత్తాను.

హనుమండ్లు ముసలి మెకానిక్. అంబదాస్‌కు స్టీరింగ్ పట్టడం నేర్పింది ఆయనే. మా పెళ్లికి ఉతికిన ఖాకీ చొక్కా వేసుకొచ్చాడు, దాని జేబు మీద ఒక్క గ్రీజు వేలిముద్రతో. వారం కిందట వ్యాన్‌కు ఆయిల్ మార్చింది కూడా ఆయనే.

ఆయిల్ కొలిచే గేజీ బయటికి లాగి చూశాడు. పొడిగా ఉంది. ఇంజన్‌లో ఆయిల్ చుక్క లేదు. డ్రైవర్ సీటులోకి వంగి తాళం తిప్పాడు. అలాగే కాసేపు లోపలికి చూశాడు. తర్వాత తలెత్తి నా వైపు చూశాడు. మంచినీళ్లు అడుగుతాడేమో అనుకున్నాను.

అప్పుడే, అదే వ్యాన్‌లో పోయి వెనక్కొచ్చిన మా వాడకట్టు యాదవ్వ నోరు తెరిచింది. "కొత్త కోడలు కాలు పెట్టి నెల నిండిందో లేదో, నడిచే బండి కూసున్నది. ఏం పాదమో ఏమో!"

హనుమండ్లు టక్కున తాళం వెనక్కి తిప్పేశాడు.

"ఆ పొల్లనెందుకంటవ్ యాదవ్వా? ఆయిల్ మార్చింది నేను. కింద నట్టు నేనే వదులు పెట్టినట్టున్న."

అంబదాస్ ముఖం ఎర్రబడింది. "పెట్టినట్టున్నవా? గీ బండ్ల పదిమంది కూసుంటరు కాకా! గా వంతెన మీద ఆగితే ఏంగావాలె? ముసలోనివైనవ్, చేతులు వణుకుతున్నయ్. ఇగ పానా పట్టుడు బంద్ జెయ్యి!"

షెడ్డు పక్క హోటల్ ముందు డ్రైవర్లందరూ చాయ్ గ్లాసులు పట్టుకుని విన్నారు. హనుమండ్లు గుడ్డపేలికతో చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"కరీంనగర్ తీస్కపో అంబదాసూ. సదువుకున్నోళ్లు చూస్తరు" అన్నాడు అంతే.

"అంత మాటెందుకన్నవ్?" అని ఇంట్లో అడిగాను.

"రేపు మాట్లాడుత తియ్."

రేపు వెళ్లలేదు, ఎల్లుండీ వెళ్లలేదు. తప్పు చేస్తే ముందుకు పోలేని మనిషి ఆ రోజు వెనక్కి రాలేదు. పో అని నేను కూడా తరమలేదు. యాదవ్వ మాట నా మీది నుంచి తప్పిపోయిందన్న సంబరం నాది. ఇప్పుడు రాస్తుంటే ఆ సంబరమే అన్నిటికన్నా సిగ్గనిపిస్తుంది.

శివరాత్రి రద్దీ తగ్గాక, ఎనిమిదో రోజున, వ్యాన్‌ను కరీంనగర్ వర్క్‌షాప్‌కు చేర్చాం. తల్లిగారిల్లు చూడొచ్చని నేనూ వెంట వెళ్లాను. అక్కడి ఫోర్‌మన్ రాజేశ్వర్‌రావు తొందరపడే మనిషి కాదు. డాక్టర్ రోగిని అడిగినట్టు, చప్పుడు ఎప్పుడు మొదలైంది, పొగ వచ్చిందా, ఏ దారిన పోయారు అని అన్నీ అడిగి కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత వ్యాన్ కింద దూరాడు.

"గీ నట్టు ఎవలు బిగిచ్చిండ్రు?" కింది నుంచే అడిగాడు.

"లక్సెట్టిపేటల ఒక ముసలాయన సార్. వదులుందా?"

"వదులా? మా పోరగాండ్లు గూడ ఇంత మంచిగ బిగియ్యరు." బయటికొచ్చి బట్టలు దులుపుకున్నాడు. "ఆయిల్ చాంబర్‌కు రాయి తాకింది. సన్నగ పగిలింది. రెండు మూడు రోజులు కారి ఉంటది. మరి ఎర్ర లైటు వెలగాలె గద? చూస్కోలేదా?"

"వెలగలే సార్" అన్నాడు అంబదాస్.

ఫోర్‌మన్ తాళం తిప్పాడు. స్టీరింగ్ వెనక్కి వంగి గోటితో గీకాడు. ఎండిన పసుపు పెళ్లగా రాలింది. దాని కింద, నాలుగు శుక్రవారాల కింద, చిన్న ఎర్ర లైటు నిక్షేపంగా వెలుగుతోంది.

"బొట్టెవలు పెట్టిండ్రు?"

నేను నోరు తెరిచేలోపే, "నేనే సార్" అన్నాడు అంబదాస్.

ఫోర్‌మన్ నా నొసటి కుంకుమను చూశాడు. పసుపు పచ్చని నా వేళ్లనూ చూశాడు. కాగితంలోకి తల దించుకున్నాడు.

బయట వేపచెట్టు కింద బెంచీ మీద కూలబడ్డాను.

"అది లైటని నాకు తెల్వది" అన్నాను.

"నాకు తెలుసు గద."

"ఏంది?"

"డ్రైవర్ను. నాకు తెల్వకుంటదా? మొదటి శుక్రవారమే తుడుద్దామనుకున్న. పసుపుల నీ వేలి గుర్తు కనవడ్డది. తుడువబుద్ధి గాలే లక్ష్మీ. ఇగ రేపు, ఇగ ఎల్లుండి అనుకున్న. తర్వాత అక్కడ లైటున్నదన్న సంగతే మర్చిపోయిన."

ఇంకెప్పుడైనా ఈ మాట అని ఉంటే బెంచీ మీద గంతులేసేదాన్ని. ఇప్పుడు ఏడుపొచ్చింది. మేమిద్దరం ఒకరినొకరు చూసుకుని మురిసిన మురిపానికి ఒక పెద్దమనిషి నలుగురిలో తిట్లు తిన్నాడు.

"లక్సెట్టిపేట బస్సు ఎన్నింటికి?" అంటూ లేచాడు అంబదాస్. తల్లిగారిల్లు గుర్తు కూడా రాలేదు నాకు.

దిగేసరికి షెడ్డుకు తాళం. హనుమండ్లు బస్టాండులో రేకుపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. జైనూర్ దగ్గర బిడ్డ ఇంటికి పోతున్నాడట. ఎనిమిది రోజులుగా ఒక్క బండీ షెడ్డుకు రాలేదని హోటలాయన చెప్పాడు. "చేతులు వణుకుతయని నువ్వే అంటివి అంబదాసూ, ఇగ ఎవలొస్తరు?"

అంబదాస్ డ్రైవర్లందరి ముందు నిలబడ్డాడు.

"నట్టు వదులు లేకుండె. రాయి తాకింది. తప్పు కాకది గాదు, నాది. లైటు మీద బొట్టుంటే నేను తుడువలే."

"బొట్టు పెట్టింది నేను" అన్నాను. అంతమంది మగవాళ్ల మధ్య నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "తిట్టాల్సింది నన్ను మామా. నిన్ను గాదు."

హనుమండ్లు నవ్వాడు. "తెలుసు బిడ్డా. ఆనాడు తాళం తిప్పంగనే చూసిన."

"చూసి గూడ ఎందుకు చెప్పలే?"

"యాదవ్వ అప్పుడే నోరు తెరిచె గదనే. నీ బొట్టు ముచ్చట చెప్తే, లైటును ఎవలు అంటరు? నీ పాదాన్నే అంటరు. జిందగీ అంతా అంటరు. ముసలి పానం, ఒక్క మాట పడ్తె ఏమైతది అనుకున్న." అంబదాస్ వైపు చూసి, కళ్లు దించుకున్నాడు. "గంత పెద్ద మాట అంటవనుకోలేరా."

అంబదాస్ ఆయన కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. "పోకు కాకా. షెడ్డు నేను తెరుస్త. నా బండి నీ చేతికే ఇస్త."

"బిడ్డకు మాటిచ్చినరా. వస్తనని చూస్తుంటది." ఆయన చెయ్యి అంబదాస్ తల మీద పడింది. ఆ చెయ్యి వణకలేదు. "బొట్టు స్టీరింగ్‌కు పెట్టు బిడ్డా. మంచిగనే ఉంటది. లైటును జర కనవడనీ."

జైనూర్ బస్సు వచ్చింది. రేకుపెట్టెను డ్రైవర్లే పైకి ఎక్కించారు. బస్సు మలుపు తిరిగేదాకా అంబదాస్ రోడ్డు మీదే నిలబడి చూశాడు. అది వెనక్కి రాలేదు.

వ్యాన్ ఇప్పుడు బాగానే నడుస్తోంది. నేను మళ్లీ ముందు సీట్లోనే, మట్టెలు మోగించుకుంటూ, నవ్వుకుంటూ. స్టీరింగ్ మధ్యలో శుక్రవారం బొట్టు. దసరాకు జైనూర్ పోదామనుకుంటున్నాం.

రోజూ పొద్దున అంబదాస్ తాళం తిప్పగానే ఎర్ర లైటు వెలుగుతుంది. ఇంజన్ అందుకోగానే ఆరిపోతుంది. అది వెలిగి ఆరేంత సేపు మేమిద్దరం మాట్లాడుకోం.