బాలకిష్టయ్య సేటు కొరియన్ గడ్డి

"చెప్పులిడువు."

కురుమూర్తి అటూ ఇటూ చూశాడు. గుడి లేదు, దర్గా లేదు. ఎదురుగా బాలకిష్టయ్య సేటు ఇంటి ముందు పచ్చటి నేల, దాని అంచున చేతులు కట్టుకుని నిలబడ్డ ఒక అమ్మాయి.

"మందు కొట్టేటోడు చెప్పుల్లేకుంట ఎట్ల కొడ్తడు మేడం?" అన్నాడు వీపు మీది పంపు సర్దుకుంటూ.

"నాకేం తెల్సు? మా నాయన రూలు. ఈ గడ్డి మీద కలెక్టరయినా చెప్పులిడిచే నడవాలె."

"కలెక్టర్ వచ్చిండా?"

"రాలే. వస్తె ఇడవాలె."

కురుమూర్తి చెప్పులు విడిచాడు. మొదటి అడుగులోనే పల్లేరుకాయ గుచ్చుకుని కెవ్వుమన్నాడు. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి కొంచెం కూడా ప్రయత్నించలేదు. ఆమె పేరు రాజేశ్వరి. సేటుగారి ఒక్కగానొక్క కూతురు, డిగ్రీ కాలేజీలో బాటనీ చదువుతోంది.

బాలకిష్టయ్య గురించి గద్వాలలో చెప్పక్కర్లేదు కానీ, బయటివాళ్లకు చెప్పాలి. పల్లినూనె మిల్లు ఉంది. ఆ నూనెలో పల్లి ఎంత, వేరేది ఎంత అన్నది ఆయనకూ దేవుడికీ తెలుసు, ఊరికి అనుమానం. ఆయన ఒకసారి హైదరాబాదులో ఎవరో బంధువు ఇంటికి వెళ్లి, అక్కడ లాన్ మీద కుర్చీలేసుకుని టీ తాగి వచ్చాడు. ఇక నిద్ర పట్టలేదు. చెరువు మట్టి బండ్ల కొద్దీ తోలించి, నర్సరీ నుంచి "కొరియన్ గడ్డి" లారీలో తెప్పించి పరిపించాడు. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు వరసగా పెట్టుకుని నీళ్లెప్పుడొస్తాయా అని కూర్చుంటే, గోడకు ఇవతల సేటు బోరు పైపు పొద్దంతా గడ్డి మీద ఆడుతూ ఉండేది. వాళ్లు గోడ మీదుగా ఆ నీళ్లను చూసేవారు. సేటు వాళ్లు గడ్డిని చూస్తున్నారనుకుని మురిసిపోయేవాడు.

మొదటి ఎండాకాలం గడ్డి కొంచెం డల్ అయింది. వానలు పడగానే నేలంతా మళ్లీ పచ్చగా కమ్ముకుంది. "చూసినవా, ఫారిన్ మాల్ అంటె ఇట్లుంటది" అన్నాడు సేటు. "అవు మాలిక్" అన్నాడు తోట చూసే మొగులయ్య. మొగులయ్య ఉద్యోగంలో సగం ఆ ఒక్క మాటే.

ఈ ఏడు, అంటే తొంభై మూడు వానాకాలంలో, ఆ పచ్చదనం మధ్య గంగవాయిలి, పల్లేరు, గునుగు తలలెత్తాయి. అదే సమయంలో హైదరాబాదు కాంట్రాక్టర్ కృష్ణయ్య కొడుక్కి రాజేశ్వరిని చూడటానికి వస్తున్నామని కబురొచ్చింది. లాన్ మీదే కుర్చీలు వేయాలని సేటు పట్టుదల. కూలోళ్లతో పీకిస్తే గడ్డి తొక్కుతారని భయం. అందుకే పాత బస్టాండు దగ్గర ఎరువుల దుకాణం నడిపే కురుమూర్తిని పిలిపించాడు.

కురుమూర్తికి ఇరవై నాలుగేళ్లు. తండ్రి పోయాక డిగ్రీ మధ్యలో ఆపి కొట్లో కూర్చున్నాడు. నోరు బాగా నడుస్తుంది. మందు డబ్బా మీది ఇంగ్లీషు ముక్కలు ఇటిక్యాల ఊరి రైతుల ముందు చదువుతుంటే వాళ్లు నోరు తెరుచుకుని వినేవారు. అర్థం కాకే వింటున్నారన్న సంగతి అతనికి ఇంకా తెలియదు.

"ఇది సెలెక్టివ్ మందు మేడం. టూ-ఫోర్-డి. జొన్నచేన్ల కొడ్తరు. వెడల్పాకు కలుపును చంపుతది, గడ్డిని ముట్టదు. ఏది కలుపో ఏది గడ్డో దానికి తెల్సు."

"అంత తెలివున్నదా దానికి?"

"ఫుల్లు తెలివి."

"మరి అమ్మేటోనికి?"

కురుమూర్తి పంపు మూత ఊరికే ఇంకోసారి బిగించాడు. మాటకు మాట తగలడం అతనికి కొత్త.

రాజేశ్వరి గొంతు తగ్గించి అడిగింది. "జర కిందికి చూసి చెప్పు. ఇదంత గడ్డేనా?"

"ఫస్ట్‌క్లాస్ గడ్డి మేడం."

ఆ మాట అన్నప్పుడు అతని కళ్లు నేలకు ఐదడుగుల ఎత్తున ఉన్నాయి. పొద్దుటి ఎండలో ఆమె చెవి జూకా ఊగుతోంది. ఎదురుగా అది ఊగుతుంటే నేల మీద ఏం మొలిచిందో ఎవరు చూస్తారు? కురుమూర్తి పంపు కొట్టుకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరికి నేలంతా తడిపేశాడు.

రెండు మూడు రోజుల్లో గంగవాయిలి మెలికలు తిరిగింది. పల్లేరు ముడుచుకుంది. సేటు భుజం తట్టాడు. "మందు పనిచేస్తున్నది పిలగా!"

"మధ్య మధ్యల వచ్చి చూసి పోత సేటు" అన్నాడు కురుమూర్తి వినయంగా.

రైతుకు మందు అమ్మి, ఆ చేను తూర్పునుందో పడమరనుందో కూడా అడగని మనిషి, ఇప్పుడు రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని సేటు ఇంటి కలుపును పరామర్శించడం మొదలుపెట్టాడు. జొన్న రైతులు ఇది చూసి ఉంటే ఏడ్చేవారు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. వరండాలో నిలబడ్డ అతనికి రాజేశ్వరి తల్లి సత్యమ్మ చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లింది. రాజేశ్వరి స్తంభానికి ఆనుకుని వాన చూస్తోంది. జల్లు అటు కొట్టినప్పుడల్లా ఆమె ఇటు జరుగుతోంది. వాన ఇంకో గంట ఆగకపోతే బాగుండునని కురుమూర్తి కోరుకున్నాడు.

"ఇంత మంచిగ సాఫ్ చేస్తున్నవ్ గద, ఎవరి కోసమో తెల్సా?" అంది ఆమె.

"సేటు కోసం."

"నా పెండ్లిచూపుల కోసం. ఈ గడ్డి మీదనే కుర్చీలేస్తరంట."

కురుమూర్తి చాయ్ గ్లాసు కింద పెట్టాడు. వాన వైపు చూస్తూ అడిగాడు. "మీకు ఇష్టమేనా?"

రాజేశ్వరి తల తిప్పి చూసింది. ఆ ప్రశ్న ఇంట్లో ఎవరూ అడగలేదు. గడ్డి ఎట్లుందని వందసార్లు అడిగారు.

"వాళ్లింట్ల ఆడోళ్లు కాలేజీకి పోరంట. పెండ్లయితె ఫైనలియర్ పరీక్ష గూడ రాయొద్దన్నరు. నాకు ఎమ్మెస్సీ చదవాలని ఉన్నది. నాయనకు చెప్తె, వాళ్లకు ఎంత పెద్ద లాన్ ఉన్నదో తెల్సా అంటడు." ఆమె నవ్వబోయింది కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ వానలోనే తడుస్తూ ఇంటికెళ్లిన కురుమూర్తి రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. సేటు ఇంటికీ తన ఇంటికీ కులం అడ్డం లేదు, ఒక్కటే. అడ్డమున్నది మిల్లుకూ దుకాణానికీ మధ్య ఉన్న తేడా. అది చిన్నది కాదు.

ఆ తర్వాతే అసలు పరేషాన్ మొదలైంది. గంగవాయిలి చచ్చింది, పల్లేరు చచ్చింది. అక్కడితో ఆగాల్సిన మందు ఆగలేదు. పచ్చటి నేల మొత్తం పసుపు తిరిగి, ముడతలు పడి, ఎండటం మొదలుపెట్టింది. చూపులు ఇంకో వారంలో ఉన్నాయి. కురుమూర్తి పరుగెత్తుకొచ్చి, జీవితంలో మొదటిసారి ఆ నేల మీద మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ఎండిన తీగ ఒకటి లాగాడు. మూడేసి చిన్న ఆకులు, నేలకు అతుక్కుని పాకే కాడ. గడ్డి పోలికే లేదు.

"ఇది గడ్డి కాదు!"

"కాదు" అంది రాజేశ్వరి వెనక నుంచి. "చెరువు మట్టితోటి వచ్చిన తీగ. కొరియన్ గడ్డి మొదటి ఎండకే చచ్చింది. దాని జాగల ఇది పాకింది. మొగులయ్యకు తెల్సు, మా అమ్మకు తెల్సు. నాయనకు చెప్పే ధైర్యం ఎవ్వరికి లేదు."

"నీకు తెల్సు!" కురుమూర్తి నోట్లోంచి 'మేడం' అన్న పిలుపు ఎగిరిపోయింది. "తెల్సి నాతోటి మందు కొట్టించినవ్. నీ చూపులు చెడగొట్టనీకె నా దుకాణం పేరు ఖరాబు చేసినవ్. నా దగ్గర ఇంక మందు ఎవడు కొంటడు?"

"నేను అడిగిన గద! కిందికి చూసి చెప్పమన్న. ఫస్ట్‌క్లాస్ గడ్డి అన్నవ్. నువ్వెందుకు చూడలే?"

"నేను నిన్ను చూస్తున్న గనక!"

అరిచాక కానీ ఏమన్నాడో అతనికి అర్థం కాలేదు. ఆమె ముఖం ఎర్రబడింది. కోపం అలాగే ఉంది, కానీ ఇద్దరిలో ఎవరికీ దాన్ని ఏం చేయాలో తెలియలేదు. గేటు బయట సేటు కారు హారను వినపడగానే కురుమూర్తి చెప్పులు చేతిలో పట్టుకుని వెళ్లిపోయాడు. ఇక రాలేదు.

చూపుల రోజు వచ్చింది. తెలివున్నవాడైతే కుర్చీలు లోపల వేయించేవాడు. సేటు మాత్రం ఆ ఎండిపోయిన నేల మీదే వేయించి, కురుమూర్తిని పిలిపించాడు. గడ్డి పోయింది కాబట్టి కనీసం దోషినైనా చూపించాలి కదా. గేటు దగ్గర మిల్లుకు పల్లీలు తెచ్చిన ఇటిక్యాల రైతులు ఆగి చూస్తున్నారు. వాళ్లంతా కురుమూర్తి ఖాతాదారులే.

"చూడుండ్రి బావగారూ" అన్నాడు సేటు కాంట్రాక్టర్ కృష్ణయ్యతో. "నంబర్ వన్ కొరియన్ గడ్డి. వీడు వచ్చి మందు కొట్టి సత్యనాశనం చేసిండు. చెప్పురా, ఎందుకు చంపినవ్?"

ఒక్క మాట చాలు. ఇది గడ్డి కాదు సేటు అంటే కురుమూర్తి బయటపడతాడు, దుకాణం నిలుస్తుంది. కానీ ఇంత మంది ముందు రాజేశ్వరి తండ్రి తల దించుకోవాలి. ఆమె మీద ఇంకా కోపంగానే ఉన్న కురుమూర్తి గుమ్మం వైపు చూశాడు. కంచు రంగు గద్వాల చీరలో, చేతిలో మిఠాయి పళ్లెంతో ఆమె నిలబడి ఉంది.

"తప్పు నాదే సేటు. చూడకుంట కొట్టిన."

గేటు దగ్గర ఒక రైతు ఇంకొకడితో అన్నాడు. "ఇగ ఈ పిలగాని మందు మనకొద్దు." రైతులంతా మిల్లు వైపు వెళ్లిపోయారు.

రాజేశ్వరి పళ్లెం అరుగు మీద పెట్టింది. తలొంచుకుని నడవాల్సిన పిల్ల నేరుగా వచ్చి, కృష్ణయ్య కుర్చీ పక్కన వంగి, అక్కడక్కడా పచ్చగా మిగిలిన గరిక పోచ ఒకటి పీకింది.

"నాయనా, గడ్డి ఇదొక్కటే. ఇది చావలే. చచ్చిందంత కలుపే. నువ్వు రెండేండ్లు నీళ్లు పోసి సాకింది కలుపును. మందు దాని పని అది చేసింది."

సేటు భార్య వైపు చూశాడు, కాదని చెప్పమన్నట్టు. ఇరవై ఐదేళ్లుగా నోరెత్తని సత్యమ్మ ఆ రోజే ఎత్తింది.

"ఊరందరికి కల్తీ నూనె పోస్తివి. నువ్వు తోలిచ్చిన చెరువు మట్టి నీకు కల్తీ గడ్డి పోసింది. పిలగాన్నెందుకు తిడ్తవ్?"

కృష్ణయ్య మిఠాయి తినకుండానే లేచాడు. "పిల్లకు నోరు జర ఎక్కువనే ఉన్నట్టుంది. మా ఇంట్ల నడ్వదు" అన్నాడు. కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆ దుమ్ము కూడా లాన్ మీదే పడింది.

సేటు పడుకున్నాడు. సత్యమ్మ పొయ్యి ముట్టించలేదు. రాజేశ్వరి ఒకే మాట మీద కూర్చుంది. "కురుమూర్తి దుకాణం కాడికి పోయి, రైతుల ముంగట నిజం చెప్పు. నీ ఇజ్జత్ కోసం ఆయన తన పేరు పోగొట్టుకున్నడు. నాకు ఆయన ఇష్టం నాయనా."

ఆకలి సేటును ఒక పూట ఆలోచింపజేసింది. నూనె సంగతి, గడ్డి సంగతి రెండూ తెలిసినవాణ్ని బయట తిరగనివ్వడం కంటే అల్లుణ్ని చేసుకోవడమే క్షేమమని వ్యాపారి బుర్ర లెక్క తేల్చింది. ప్రేమను పెద్దలు ఇలాంటి కారణాలకు కూడా దీవిస్తారు.

సంత రోజు పాత బస్టాండు దగ్గర సేటు కారు ఆగింది. కురుమూర్తి దుకాణం ముందు ఈగలు తప్ప గిరాకీ లేదు. సేటు దిగి, పక్క హోటల్లో చాయ్ తాగుతున్న రైతులందరికీ వినపడేలా చెప్పాడు.

"నా ఇంటి ముంగట చచ్చింది గడ్డి కాదు, కలుపు. పిలగాని మందుల తప్పు లేదు."

ఒక ముసలి రైతు గ్లాసు దించి అడిగాడు. "మరి రెండేండ్లు నీళ్లెందుకు పోసినవ్ సేటు? మా వాడకట్టుకు పోస్తె తాగుదుము."

హోటలంతా నవ్వింది. సేటు నవ్వలేక, ఏడవలేక, కారెక్కి కూర్చున్నాడు. వెనక తలుపు తెరుచుకుని రాజేశ్వరి దిగింది. కురుమూర్తి లేచి నిలబడ్డాడు. ఆమెను చూడకుండా గడిపిన రోజులన్నీ ఒక్కసారి గుండెల మీదికి వచ్చాయి.

"ఇంక కోపముందా?" అంది.

"ఉన్నది" అన్నాడు. "కొంచెం."

"నాకు ఫైనలియర్ ఉన్నది. ఆగుతవా?"

"ఆగుత."

"ఎమ్మెస్సీ అంటె ఇంక రెండేండ్లు. హైదరాబాద్‌ల."

"ఆగుత."

"సీటు రాకపోతె మళ్ల రాస్త. మళ్ల ఆగాలె."

"ఎన్నేండ్లయినా ఆగుత రాజేశ్వరీ. చదువుకో."

అతను ఆమెను పేరుపెట్టి పిలవడం అదే మొదటిసారి. ఆమె కారు వైపు ఒక అడుగు వేసి, వెనక్కి తిరిగింది.

"ఆగకు. ఈ ఆదివారమే మీ అమ్మను తోలుకొని రా. నా చదువు ఆపేటోడైతె, అది అయినంకనే పెండ్లి అనుకున్న. నువ్వు ఆపేటోనివి కాదు."