గడి వద్దన్న పంతులమ్మ

పరిచయమైన మొదటి నిమిషంలోనే సరళాదేవికి నామీద కోపం వచ్చింది. అందులో సగం తప్పు మా ఉస్తాద్‌ది.

పన్నెండేళ్ళు ఆయన దగ్గర గడియారాల రిపేరు నేర్చుకున్నాను. ఆయన హైదరాబాద్ మనిషి. చేతిగడియారాన్ని ఘడీ అనేవాడు. మా కరీంనగర్ నోళ్ళలో ఆ ఒత్తు నిలవదు కనుక అది గడి అయి కూర్చుంది. ఊళ్ళలో దొరల మేడను కూడా మేం గడి అనే అంటాం. ఉస్తాద్ పోయాక షాపుతోపాటు ఆ మాట కూడా నాకే మిగిలింది. బజారులో అందరూ నన్ను గడీల రామచంద్రం అంటుంటే, కొత్తగా వచ్చినవాళ్ళు నేనేదో దొరలబిడ్డననుకుని, నా మాసిన చొక్కా చూసి తికమకపడేవాళ్ళు.

అరవై మూడు ఆషాఢంలో ఒక సాయంత్రం కుండపోతగా వాన. చంకలో పరీక్షపేపర్ల కట్ట పెట్టుకుని, దానిమీద కొంగు కప్పి, తను మాత్రం నిలువునా తడిసి ఒకామె మా మెట్లెక్కింది. నేను కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి మర్యాదగానే అడిగాను.

“ఏ గడి కావాలమ్మా?”

ఆమె నన్ను కిందినుంచి మీదికి చూసింది.

“నేను గడి నుంచి రాలే, బడి నుంచి వచ్చిన. గడీలోళ్ళు గాకుంటే మీ షాపుల సామానియ్యరా?”

నాకు నవ్వాగలేదు. అద్దాల పెట్టెలోంచి ఒక చేతిగడియారం తీసి, మేం దీన్నే గడి అంటామని చెప్పాను. ముందు ఆమె ముఖం ఎర్రబడింది. తర్వాత ఆమెకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు చూస్తూ నేను కింద పడేసుకున్న చిన్న స్క్రూ ఇప్పటిదాకా దొరకలేదు.

ఆమె ఆడపిల్లల బడిలో లెక్కలు చెబుతుంది. మగవాళ్ళు పెట్టుకునే గడియారం కావాలంది. ఎవరికని అడిగితే “పైలట్‌కు” అని, పేపర్ల కట్ట మూలలు మడుస్తూ కూర్చుంది.

పైలట్ పేరు శ్యాంసుందర్‌రావు. మెట్‌పల్లి దగ్గర ఒక గడికి ఒక్కడే కొడుకు. బొంబాయి నుంచి లండన్‌కు విమానం నడుపుతాడు. వైశాఖంలో వీళ్ళకు నిశ్చితార్థమైంది. సరళాదేవి తండ్రి తాలూకా కచేరీలో గుమాస్తా. అంత పెద్దింటివాళ్ళు ఏమీ అడగకుండా, చదువుకున్న పిల్ల అని కోరి వస్తే ఆయన కాళ్ళు నేలమీద ఆనలేదు. పిల్లను అడిగారా అని నేను అడగలేదు. అడగడానికి నేనెవరిని?

పెళ్ళికొడుకు ఉత్తరం రాశాడట. విమానాలవాళ్ళకు గ్రీనిచ్ టైమే లెక్క, అందుకని గడియారాన్ని ఎప్పుడూ దానికే తిప్పిపెట్టుకోవాలి. అలా తిప్పగానే ఇక్కడ మీ టైం ఎంతో తెలియకుండా పోతోంది, రెండూ తెలిసే గడియారం ఒకటి నీ చేత్తో కొనిస్తే అదే పెట్టుకుంటాను అని. మంచివాడే. ఆ మాట విన్నప్పుడే నాకు అతనిమీద కడుపుమంట మొదలైంది.

అలాంటివి విదేశాలవి బొంబాయిలో దొరుకుతాయి, మీ ఏడాది జీతం సరిపోదు అని చెప్పాను. ఆమె తలూపి, తన దగ్గర వంద రూపాయలున్నాయని, అవి తన జీతంలోంచి దాచుకున్నవని, ఇంకొకరి దగ్గర పైసా అడగనని చెప్పింది. సరే, వెతుకుదామన్నాను.

అప్పటినుంచి ప్రతి శనివారం బడి వదలగానే వచ్చేది. వెంట బాలవ్వ. బాలవ్వ బడిలో గంట కొట్టే ఆయా. మా మెట్లమీద కూర్చుని, దారిన పోయేవాళ్ళందరితో మా పిల్ల గడి చూడవచ్చిందని చెప్పేది. పెళ్ళికి ముందే అత్తగారి గడి చూడబోవడమేమిటని జనం నోళ్ళు నొక్కుకునేవాళ్ళు. లోపల మేమిద్దరం పగలబడి నవ్వేవాళ్ళం.

నేను తెచ్చినవేవీ ఆమెకు నచ్చలేదు. ఒకటి బరువంది. ఒకటి పళ్ళెంలా ఉందంది. ఇంకొకదానికి నేనే రెండో చిన్నముల్లు బిగించాను. అది మొదటి ముల్లుకు అడ్డంపడి రెండూ ఆగిపోయాయి.

“పేపర్లు దిద్దినట్టు నా గడీలన్నిటికి సున్నాలేస్తున్నరు, పంతులమ్మా.”

“పాసయ్యేది తెండ్రి, మార్కులేస్త.”

పాసయ్యేది దొరకకూడదని నేను శనివారం శనివారం గడ్డం గీసుకుని మొక్కుకునేవాణ్ణి.

దసరా సెలవులైన తర్వాత ఒక రోజు ఆమె నవ్వలేదు. కాబోయే అత్తగారు జానకీబాయి కబురంపిందట, పెళ్ళి కాగానే ఉద్యోగం మానాలని. గడి కోడలు జీతానికి పోయిందని ఊళ్ళో అనుకోకూడదట. పెళ్ళికొడుకు నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు, మిగతా ఇరవై ఆరు రోజులు ఆమె ఆ గోడల మధ్య ఉండాలి. ఇదంతా చెప్పి, అద్దాల పెట్టెమీద వేలితో గీతలు గీస్తూ అడిగింది.

“మీరైతే… మీ ఇంటామె బడికి పోతనంటే ఏమంటరు?”

“బాలవ్వ గంట కొట్టక ముందే పొమ్మంట” అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. ఆ చూపు నాకు అర్థం కాలేదంటే అబద్ధం. అర్థమైంది. భయమైంది. గడియారాలు బాగుచేసుకునేవాడు దొరల సంబంధం చెడగొట్టాడంటే ఆమె తండ్రిని కచేరీలో బతకనిస్తారా అనిపించింది. తల వంచుకుని, బాగానే నడుస్తున్న ఒక గడియారం మూత విప్పాను.

కార్తీకంలో ఒక శనివారం టైమెంతైందని అడిగింది. రిపేరుషాపు గోడమీద గడియారాలు ఒక్కోటి ఒక్కో టైం చూపిస్తాయి కదా. గల్లా బల్లకు ఇవతల కూర్చున్న నేను, అవతల ఆమె చేతికున్న చిన్న గడియారాన్ని తలకిందులుగానే చూసి పదకొండన్నాను.

బడి వదిలాక పదకొండేమిటని ఆమె నవ్వింది. నాలుగున్నర అంది. అంతలో నవ్వు ఆపేసి, పెదాలు కదుపుతూ ఏదో లెక్కవేసింది. గ్రీనిచ్‌లో మనకంటే అయిదున్నర గంటలు తక్కువ. ఇక్కడ నాలుగున్నర అయితే అక్కడ పదకొండే.

గబగబా గడియారం విప్పి గల్లామీద పెట్టింది. ముళ్ళు తొమ్మిదికి తిప్పి తలకిందులు చేసి చూశాం. మూడున్నర. లెక్క సరిపోయింది. చిన్నముల్లు ఒక పిసరు వెనక ఉంటుందంతే. మన గడియారాన్ని తలకిందులు చేస్తే గ్రీనిచ్ టైం. కావలసిందల్లా అంకెలు లేకుండా ఉత్త గీతలున్న డయల్. అయిదు నెలలుగా ఎదురుగా కూర్చుని నేను ఆమె చేతిమీద చూస్తున్నది ఆ పైలట్ టైమేనన్నమాట.

బెంగళూరు గడియారాల్లో గీతల డయల్‌ది ఒకటి నా దగ్గరే ఉంది. ఎనభై ఆరు రూపాయలు. తీసి, తుడిచి, తోలుపట్టీ వేసి ఆమె చేతిలో పెట్టాను. పట్టీ ఖరీదు తీసుకోలేదు.

“ఇగ పనైపోయినట్టేనా?” అంది.

అయిపోయిందన్నాను. ఆమె కాసేపు నిలబడింది. ఇంకొక్క మాట అనవలసింది నేనే. నేను చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను. ఆమె వెళ్ళిపోయింది. వచ్చే శనివారం ఆమె రాదని తెలిసి కూడా ఆ ఆదివారమంతా షాపు తలుపు వంకే చూస్తూ కూర్చున్నాను. అంత దిగులు నా బతుకులో అంతకుముందు ఎరగను.

సోమవారం మధ్యాహ్నం బాలవ్వ ఒక్కతే వచ్చింది. ఎండలో నడిచొచ్చి రొప్పుతోంది.

“సరళమ్మ గడి నాకొద్దని చెప్పుమన్నది. నువ్వేమంటవో అడిగి రమ్మన్నది. ఇయ్యాల్నే చెప్పాల్నట.”

నా ఒళ్ళు మండిపోయింది. అయిదు నెలలు తిరిగి, నా కళ్ళెదుట లెక్కకట్టి చూసుకుని, ఒక్క ఆదివారం గడవగానే వద్దా? నా మనసు ఆమె పసిగట్టిందనీ, నా చేతి వస్తువు ఇంట్లో ఉంచుకోవడం ఇష్టంలేక వాపసు పంపుతోందనీ అనుకున్నాను. సిగ్గుతో, ఉక్రోషంతో నోటికొచ్చింది అన్నాను.

“ఒప్పుకున్నంక వద్దనుడేంది బాలవ్వా? గిప్పుడు నాకెందుకది? తీసుకొని సుఖంగ ఉండుమని చెప్పు.”

బాలవ్వ కదల్లేదు.

“గంతేనా? ఇంకో మాటేం లేదా?”

లేదన్నాను. ఆమె నన్నొకసారి జాలిగా చూసి మెట్లు దిగింది. నన్ను చూసి జాలెందుకో ఆలోచించే తెలివి ఆ రోజు నాకు లేదు. ఆ గడియారం వాపసు రాలేదు. మాఘంలో పెళ్ళయింది. బడికి కొత్త లెక్కల పంతులమ్మ వచ్చింది. మా అవ్వ రెండు మూడు సంబంధాలు తెచ్చింది. చూద్దాంలే అని తప్పించుకున్నాను.

మూడేళ్ళకు ఒక ఎండాకాలం షాపు ముందు జీపు ఆగింది. నల్లకళ్ళద్దాల మనిషొకడు దిగి, రామచంద్రం మీరేనా అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వెనక సరళాదేవి. జీపులో జానకీబాయి, ఆమె ఒళ్ళో ఏడాది బిడ్డ.

శ్యాంసుందర్‌రావు మాటకారి. తోటి పైలట్లు వేలుపోసి కొన్న గడియారాలతో కుస్తీపడుతుంటే తను చెయ్యి తిప్పి టైం చెబుతాడట. వాళ్ళంతా నోరు వెళ్ళబెడతారట. ఇది మా ఆవిడ తెలివి, మీ పనితనం అన్నాడు. గడియారం అద్దం పగిలిందని, మీరు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదని ఇంతదూరం తెచ్చానన్నాడు. అతనిమీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. తంతి ఇచ్చొస్తానని అతను పోస్టాఫీసుకు నడిచాడు.

ఆమె పాత చోటులోనే కూర్చుంది. నేను పగిలిన అద్దం తీస్తున్నాను.

“ఒక్కటడుగుత. నిజం చెప్పుండ్రి” అంది. “ఆ రోజు గడి నాకొద్దని బాలవ్వతోని చెప్పి పంపిన. మీరు ఊ అంటే బాపును ఎదిరిద్దామనుకున్న. మీరేమో ఒప్పుకున్నంక వద్దనుడేంది, నాకెందుకన్నరు. గది మీ మనసుల మాటేనా?”

నా చేతిలో పటకారు ఆగిపోయింది.

ఆమె వద్దన్నది మెట్‌పల్లి దగ్గరి మేడను. నేను విన్నది నా గల్లామీది ఎనభై ఆరు రూపాయల వస్తువును. ఆ మాటతో అయిదు నెలలు నవ్వుకున్నవాణ్ణి, నవ్వకూడని రోజున అది ఏ గడి అని అడగడం మరిచాను. చీటీ రాసి పంపినా అవే రెండు అక్షరాలు. ఒక్కసారి నేనే బడిదాకా నడిచి ఉంటే చాలు. బడి ఎంత దూరం? రెండు సందులు.

“మూడేండ్ల నుంచి గిదే సోచాయిస్తున్న” అంది ఆమె, గొంతు తగ్గించి. “ఆయన మంచోడు. నా మనసే ఒక్కకాడ నిలుస్తలేదు. మీరు అవునంటే గీ ముచ్చట ఇడిసిపెట్టి నిమ్మళంగ బతుకుత. కాదంటే…”

జీపులో బిడ్డ ఏడుస్తోంది. జానకీబాయి సముదాయిస్తోంది.

కాదనాలని ఉంది. అరిచి చెప్పాలని ఉంది. చెబితే నా గుండె తేలికవుతుంది. ఆమె మాత్రం ఆ బరువు మోసుకుంటూ ఆ జీపే ఎక్కాలి, ఆ గోడల మధ్యకే పోవాలి. ఇప్పుడు నేను ఆమెకు ఇవ్వగలిగింది ఒక అబద్ధం తప్ప ఇంకేమీ లేదు. కొత్త అద్దం బిగిస్తూ, తల ఎత్తకుండా చెప్పాను.

“మనసుల మాటనే.”

చెప్పి ఎదురుచూశాను. కాదని నా ముఖంలో చదువుకుంటుందని, ఇంకొక్కసారి అడుగుతుందని, కనీసం నీకు అబద్ధం చేతకాదని దెప్పుతుందని.

“మంచిది. ఇగ నిమ్మళం” అంది సరళాదేవి. గడియారం తీసుకుని, కొంగు సర్దుకుని, బిడ్డను ఎత్తుకోవడానికి మెట్లు దిగింది.

అంత తొందరగా నమ్ముతుందని నేననుకోలేదు.