మృదుల బండికి వేడి గ్రిప్పులు

"అయ్యో, సచ్చిన్రా దేవుడా!"

నానమ్మ అండాలమ్మ పెట్టిన కేకకి మహిపాల్ నోట్లో బ్రష్షుతోనే ముందుగదిలోకి పరిగెత్తుకొచ్చాడు. మంచం పక్కన జర్కిన్ వేసుకున్న అమ్మాయి ఒకతి రెండు చేతులూ గాల్లోకెత్తి, దొంగతనంలో దొరికినట్టు నిలబడి ఉంది.

"ఏం చేసిన్రు మా నానమ్మని?"

"ఏం చెయ్యలేదండీ! భుజం మీద చెయ్యేశానంతే. ఫిజియోథెరపీకి వచ్చాను. నా పేరు మృదుల."

"చెయ్యి కాదు బిడ్డా అది, ఐసుగడ్డ!" అంది అండాలమ్మ.

డిసెంబరు పొద్దు. చైతన్యపురిలో బైకెక్కి సాగర్ రోడ్డు మీదుగా తుర్కయంజాల్ చేరేసరికి ఆమె వేళ్ళు కట్టెల్లా బిగుసుకుపోయాయి. బాత్రూంలో జారిపడి భుజం పట్టేసిన అండాలమ్మకి వ్యాయామం చేయించాలంటే ముందు ఆ చేతుల్లోకి ప్రాణం రావాలి. మహిపాల్ గబగబా మూతి కడుక్కుని, పొగలు కక్కే టీ గ్లాసు తెచ్చి ఆమె అరచేతుల మధ్య పెట్టాడు.

ఆనాటి నుంచి అదే అలవాటైపోయింది. గ్లాసు చల్లారేదాకా కబుర్లు. మొండి పేషెంట్ల గురించి ఆమె చెప్పేది. మహిపాల్ దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. కొత్త ఫ్రేము పెట్టుకుని అద్దంలో తమని తామే గుర్తుపట్టని కస్టమర్ల గురించి అతను చెప్పేవాడు. ఆమె పగలబడి నవ్వేది. వంటింటి మొహం ఎరగని మనవడు పొద్దున్నే లేచి అల్లం దంచుతుంటే, అండాలమ్మ దుప్పట్లో దూరి ముసిముసిగా నవ్వుకునేది.

జనవరిలో ఒక పొద్దున మృదుల టీ తాగుతూ అంది. "ఇంక మీకీ శ్రమ ఉండదు మహిపాల్ గారూ. బైక్‌కి హీటెడ్ గ్రిప్స్ వేయించుకుంటున్నా. హ్యాండిల్ పట్టుకుంటే చాలు, చేతులు వెచ్చగా ఉంటాయట. గౌతమ్ చెప్పాడు."

"గౌతమ్ ఎవరు?"

"మా రైడింగ్ గ్రూపులో ఫ్రెండు. బిగించడం కూడా అతనే బిగిస్తానన్నాడు."

మహిపాల్‌కి ఒక్క క్షణంలో ఇద్దరు శత్రువులు తయారయ్యారు. ఒకరు గౌతమ్. రెండోది ఆ హ్యాండిల్.

"గీ హైదరాబాద్‌ల ఎన్నాళ్ళుంటది చలి? గంతదానికి బండికి హీటర్ ఎందుకు మేడం? మంచి గ్లౌజులు ఏసుకోరాదు?"

"మందపాటి గ్లౌజులేస్తే బ్రేకు తెలియట్లేదండీ. ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లోనే కొంటున్నాం. మీరూ రండి."

వెళ్ళకుండా ఉండగలడా!

గౌతమ్ ఆరడుగుల మనిషి. అది మొదటి నేరం. నవ్వితే బుగ్గ సొట్టపడుతుంది. అది రెండోది. మృదులని పేరు పెట్టి "నువ్వు" అంటాడు. అది మాత్రం క్షమించరాని నేరం.

షాపతను రెండు రకాలు తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఒకటి, పాత గ్రిప్పులు పీకేసి వాటి జాగాలో వేసేవి. రెండోది, ఉన్న గ్రిప్పుల మీదే చుట్టి కట్టుకునే తొడుగులు.

"ఇవి తీసుకో మృదులా" అంటూ గౌతమ్ మొదటివి చేతిలోకి తీసుకున్నాడు. "సన్నగా ఉన్నాయి. నీ చేతులు చిన్నవి కదా. వేడి కావాల్సినంత పెంచుకోవచ్చు, బ్యాటరీ తగ్గితే వాటంతటవే ఆగిపోతాయి. మలక్‌పేటలో మా మెకానిక్ షెడ్డుకొచ్చెయ్. వైరింగంతా నేను చూసుకుంటా. ఒక పూట పడుతుంది, అంతే."

ఆమె చెయ్యి పట్టుకుని గ్రిప్పు మీద పెట్టి, వేళ్ళు ఎలా చుట్టుకుంటాయో చూపించాడు.

ఒక పూట! షెడ్డులో! మహిపాల్ కడుపులో ఎవరో కిరోసిన్ పోసి అగ్గిపుల్ల గీసినట్టయింది.

"తొడుగులే మంచిగుంటయ్" అనేశాడు. "ఎండకాలం తీసి పక్కన పెట్టుకోవచ్చు. ఎవ్వల షెడ్డుకు పోయే పని లేదు. ఈడనే కట్టుకొని పోవచ్చు."

"మందంగా ఉంటాయి బ్రదర్. జారే ఛాన్స్ కూడా ఉంది."

"గట్టిగ కడితే ఎట్ల జారుతయ్?"

మృదుల మహిపాల్ వైపు తిరిగింది. "ఎవరికేది నప్పుతుందో చూసి చెప్పడం మీ పనేగా. నిజంగా ఇవే బాగుంటాయంటారా?"

అతను ఆమె చేతుల వైపు చూడలేదు. గౌతమ్ బుగ్గ సొట్ట వైపు చూశాడు. "నిజంగనే" అన్నాడు.

ఆమె తొడుగులే తీసుకుంది.

మర్నాడు "ఇయ్యాల నీ చెయ్యి ఎంత ఎచ్చగున్నది బిడ్డా!" అని అండాలమ్మ మురిసిపోయింది. మహిపాల్ టీ పెట్టలేదు. ఇంకెవరిక్కావాలి టీ? పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. మృదుల రెండుసార్లు వంటింటి వైపు చూసి, బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది. తర్వాతి రోజుల్లోనూ అంతే. ఆమె మాటిమాటికీ కుడి బొటనవేలు నొక్కుకోవడం చూశాడు. ఏమైందని అడగబోయి, ఆ గౌతమే అడుగుతాడులే అని ఊరుకున్నాడు.

ఆ వారమే కాలం కాని కాలంలో వాన పడింది. షాపుకి బస్సులో వెళ్తుంటే, ఎల్బీనగర్‌లో సాగర్ రింగ్ రోడ్డు దగ్గర ఆమె బైకు పక్కకి పడిపోయి కనిపించింది. మహిపాల్ బస్సులోంచి దూకాడు. మృదుల డివైడర్ మీద కూర్చుంది. మోకాలి దగ్గర జీన్స్ చిరిగింది. అరచెయ్యి గీరుకుపోయి రక్తం చిమ్ముతోంది. పక్కన అప్పటికే గౌతమ్ ఉన్నాడు.

ఆ స్థితిలో కూడా మహిపాల్ మనసులో మొదట లేచిన ప్రశ్న ఒకటే. అతనికి ఫోన్ చేసింది, నాకెందుకు చెయ్యలేదు? మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది.

"యాక్సిలరేటర్ వైపు తొడుగు వానకి జారి తిరిగిపోయింది" అన్నాడు గౌతమ్. "వెనక లారీ లేదు కాబట్టి సరిపోయింది."

"నేనే సరిగ్గా కట్టుకోలేదేమో" అంది మృదుల.

ఆ మాట మహిపాల్ భరించలేకపోయాడు. "మీ తప్పేం లేదు మేడం. గవి మీ చేతులకు పనికిరావని నాకు ఆడనే ఎరుక. మంచియి తీసుకుంటే ఈయన షెడ్డుకు పోతరని... పోవద్దని... గందుకే అట్ల చెప్పిన."

మృదుల డివైడర్ మీంచి లేచింది. జుట్టులోంచి వాన నీళ్ళు కారుతున్నాయి.

"నా చేతుల మీద బతుకుతున్నాను నేను" అంది మెల్లగా. "మిమ్మల్ని నమ్మి అడిగాను."

ఆటో ఆపి ఎక్కి వెళ్ళిపోయింది.

"పట్టు బ్రదర్" అన్నాడు గౌతమ్. ఇద్దరూ కలిసి బైకు లేపారు. "ఒకటి చెప్పనా? పోయిన దసరాకి నేనడిగాను, పెళ్ళి చేసుకుందామని. కాదంది. ఫ్రెండుగా ఉండమంది, ఉంటున్నా. ఇప్పుడేమో ఎక్కడ టీ తాగినా, తుర్కయంజాల్ టీలా లేదంటుంది. వినలేక చస్తున్నాననుకో."



చేతికి కట్టు విప్పాక మృదుల మళ్ళీ వచ్చింది. అతనితో పలకలేదు. అండాలమ్మ చెయ్యి పైకెత్తించి, "నేను చెప్పేదాకా దించకండి మామ్మగారూ" అంది. మహిపాల్ టీ తెచ్చాడు.

"నా చేతులు చల్లగా లేవు. ఆటోలో వచ్చా."

"ఎరుకే. తాగుటానికి తెచ్చిన." గ్లాసు ముందుకు చాపాడు. "గ్రిప్పులు ఈసారి మీరే చూసి తీసుకోండి. గౌతమ్ అన్న బిగిస్తడు. నేను అడ్డం రాను."

మృదుల గ్లాసు అందుకుంది. "అవి ఎందుకు కొన్నానో తెలుసా? చలికే, కాదనను. కానీ మీరీ టీ నా మీద జాలితో ఇస్తున్నారో, ఇంకేమైనా ఉందో తెలియక సతమతమవుతున్నా. చేతులు వెచ్చగా ఉన్నా ఇస్తారేమో చూద్దామనుకున్నా. మొదటి రోజే పేపరు అడ్డం పెట్టుకున్నారు!"

"కుళ్ళుతోని..."

"గౌతమ్ మీదా?"

"హ్యాండిల్ మీద గూడ."

ఆమె నవ్వాపుకోలేకపోయింది. "ఇంతకీ ఇంకేమైనా ఉందా మరి?"

"ఉన్నది. నువ్వంటే పాణం నాకు. నువ్వు రాని నాడు పొద్దు పొడిచినట్టే లేదు."

తను "నువ్వు" అన్నానని అన్నాక గానీ అతనికి తెలియలేదు. ఆమె మొహం ఎర్రబడింది.

"ఒప్పుకున్నడా?" అని మంచం మీంచి అండాలమ్మ కేకేసింది. "ఇగ నేను చెయ్యి దించుదునా బిడ్డా?"

ఆదివారం మృదుల తానే పట్టి చూసుకుని సన్నటివి తీసుకుంది. మహిపాల్ నోరు మెదపలేదు. మలక్‌పేట షెడ్డులో పూటంతా గౌతమ్ వైర్లు కలుపుతుంటే పానాలు అందించాడు. సాయంత్రానికి చలిగాలి లేచింది. మృదుల బైక్ స్టార్ట్ చేసి, "ఎక్కు, దింపేస్తా" అంది మహిపాల్‌తో.

ఎక్కుతూ అతను వెనక్కి చూశాడు. గౌతమ్ చేతులు తుడుచుకుంటూ వాళ్ళనే చూస్తున్నాడు. ఆ చూపులోని మంట మహిపాల్‌కి బాగా తెలిసినదే. గెలిచినందుకు సంబరపడాలనిపించలేదు. "పోయొస్తా అన్నా" అన్నాడు, మనస్ఫూర్తిగా. గౌతమ్ తలూపాడు.

మూసారాంబాగ్ దాటేసరికి మహిపాల్ వేళ్ళు కొంకర్లు పోయాయి.

"చలా?" అంది మృదుల సిగ్నల్ దగ్గర.

"నీకేంది, హీటర్ పట్టుకొని కూసున్నవ్. ఎనక కూసున్నోళ్ళ సంగతి ఎవలకు పట్టింది?"

"నా జర్కిన్‌కి రెండు జేబులున్నాయిగా, కనబడట్లేదా?" అంది ఆమె, ముందుకే చూస్తూ.

పచ్చ లైటు పడింది. మహిపాల్ రెండు చేతులూ ఆ జేబుల్లో దాచుకున్నాడు.