పేరు పెట్టి పిలిస్తే

"ఏవండీ!" అని అరవాలట.

తెర మీద వేరే గ్రహం నుంచి దిగిన జంతువు చిన్నపిల్ల మీదికి దూకబోతోంది. తల్లి గొంతు చించుకుని మొగుణ్ణి పిలుస్తోంది. ఆ తల్లికి తెలుగులో గొంతు ఇవ్వాల్సిన విక్టోరియా చేతిలో కాగితం చూసుకుని తల పట్టుకుంది.

"రైటర్ సార్, జర లోపలికి రాండ్రి," అంది మైకులో.

నాచారంలోని ఆ డబ్బింగ్ థియేటర్లో అద్దానికి అవతల కూర్చున్న లక్ష్మీకాంత్ లేచి వచ్చాడు. తెనాలి కుర్రాడు. ఎంత ఉక్కపోసినా ఇస్త్రీ చెదరని చొక్కా, అడిగినదానికల్లా "అవునండీ" అనే నోరు.

"గీ సినిమా మీరు సూసిన్రా?"

"చూడకుండా రాస్తానా అండీ?"

"అయితే చెప్పున్రి. ఆ జంతువు ఎవరి పేరు ఇంటే వాళ్ళ మీదికే పోతది. అవునా?"

"అవునండీ."

"మొదటి భాగంల కొడుకును గట్లనే పోగొట్టుకున్నరు. అందుకే ఈ భాగంల ఇంట్ల ఎవ్వరూ ఎవ్వరి పేరూ తియ్యరు. ఇప్పుడు పిల్లను కాపాడనీకి, నా పేరు పిలువు అని మొగుడే సైగ చేస్తుండు. ఆమె ఏడ్చుకుంట పిలుస్తది. జంతువు పిల్లను ఇడిసిపెట్టి ఆయన మీదికి పోతది. గీడ ఏవండీ అంటే అది ఎవరి మీదికి పోవాలె?"

సౌండ్ ఇంజనీరు చిదంబరం అద్దం వెనక కిసుక్కున నవ్వాడు. లక్ష్మీకాంత్ చెవులు ఎర్రబడ్డాయి.

"నిర్మాత పరంధామయ్య గారి ఆర్డరండీ. మొదటి భాగంలో భార్య భర్తని పేరు పెట్టి పిలుస్తుంటే లేడీస్ మొహం చిట్లించారట. అందుకని ఇందులో అంతా ఏవండీయే."

"మీకేమనిపిస్తుంది? మీకు?"

"మీరన్నదే కరెక్టనిపిస్తోంది."

"మరి ఆయనకు చెప్పున్రి!"

లక్ష్మీకాంత్ నీళ్ళు నములుతూ అద్దం అవతలికి వెళ్ళిపోయాడు.

ఈ మనిషితో ఇదే తంటా. విక్టోరియాకి ఒళ్ళు మండిపోయింది. వాన పడితే గొడుగంతా ఆమె మీదే పట్టి, తను తడిసి ముద్దవుతాడు. ఇదేంటని అడిగితే "పెద్ద వానేం కాదండీ" అంటాడు. సినిమాలో ఆ భర్త ఇంగ్లిషులో భార్యతో "తలుపు వెయ్యి" అంటే, తెలుగులో "నువ్వు పక్కనుంటే నాకు భయం లేదు" అని రాస్తాడు. ఎవరి కోసం రాస్తున్నాడో ఆమెకు తెలియదా? తెలుసు. నోరు తెరిచి అంటాడేమోనని ఎదురుచూసి ఎదురుచూసి విసుగొచ్చింది.

ఆ వేళకే పరంధామయ్య వచ్చాడు. సంగతి విని అద్దం అవతల కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమ్మా, రాసింది చెప్పడానికి నీకేంటి బాధ? సాయంత్రంలోపు పూర్తి చెయ్యకపోతే చెన్నై నుంచి ఆర్టిస్టుని పిలిపిస్తా. సినిమా మొత్తం ఆవిడే చెబుతుంది."

విక్టోరియా చేతిలో కాగితం మళ్ళీ చూసుకుంది. ఇన్నేళ్ళూ ఆమె గుంపులో గొంతే. "పారిపోండి", "కాపాడండి", అంతే. మొదటిసారి హీరోయిన్ గొంతు ఇచ్చే అవకాశం దొరికింది. ఉప్పల్లో తండ్రి మోషే చర్చిలో కనబడిన వాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు. కాగితంలో ఉన్నది చదివేస్తే సరిపోతుంది. కానీ చదివితే సినిమాలో ఆ తల్లిదండ్రుల త్యాగం నవ్వులపాలవుతుంది.

అద్దంలోంచి లక్ష్మీకాంత్ వైపు చూసింది. అతను నేల చూస్తున్నాడు. ఇంకేం చూస్తాడు!

"సార్," అన్నాడతను ఉన్నట్టుండి. "పేరుతో ఒక్క టేకు వినండి. నచ్చకపోతే ఆవిణ్ణి కాదు, నన్ను తీసెయ్యండి."

చిదంబరం వెనక్కి తిరిగి చూశాడు. పరంధామయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఒక్కటే టేకు," అన్నాడు.

లైట్లు ఆరిపోయాయి. ఎర్ర బల్బు వెలిగింది. తెర మీద ఆ భర్త, డేవిడ్, భార్య వైపు చూసి పిలువు అన్నట్టు తల ఊపాడు. విక్టోరియాకి మాత్రం డేవిడ్ కనబడలేదు. నోట్లో నాలుక లేని ఆ మనిషి ఉద్యోగం పణంగా పెట్టి నిలబడ్డాడన్న తలపే మెదిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు తెరిచింది.

"లక్ష్మీకాంత్!"

తెర మీద జంతువు పిల్లని వదిలేసి తండ్రి మీదికి వెళ్ళింది. విక్టోరియా రెండు చేతులతో మొహం కప్పుకుంది.

మైకులో లక్ష్మీకాంత్ గొంతు వినబడింది. "వస్తున్నానండీ."

"నువ్వెక్కడికయ్యా, కూర్చో!" అని కసిరాడు పరంధామయ్య, జేబురుమాలుతో కళ్ళు తుడుచుకుంటూ. "పేరు తప్పు గానీ జంతువు వెళ్ళాల్సిన చోటికే వెళ్ళింది. నాకు ఒళ్ళు జలదరించింది. అమ్మాయ్, ఈసారి డేవిడ్ అని ఇంతే గట్టిగా చెప్పు."

చెప్పింది. ఓకే అయింది.

బయటికొచ్చేసరికి వాన. బస్టాపు దాకా గొడుగు మళ్ళీ ఆమె మీదే. మళ్ళీ అతను తడుస్తున్నాడు. ఉప్పల్ బస్సు మలుపు తిరుగుతుండగా ఎట్టకేలకు గొంతు సవరించుకున్నాడు.

"ఇంకొక్కసారి పేరు పెట్టి పిలుస్తారా అండీ?"

"పిలిస్తే ఏమైతదో సినిమాల సూడలేదా?"

"పర్లేదండీ. నేను సిద్ధమే."

"గిదే మాట మా డాడీ ముందల అంటరా? ఆడ గూడ నీళ్ళు నమిలితే ఊకోను."

"ఎప్పుడు అనమంటారు?"

బస్సు వచ్చి ఆగింది. విక్టోరియా ఎక్కేసింది. వెనక్కి తిరిగి చూస్తే, ఆ మహానుభావుడు జవాబు కోసం గొడుగు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. బస్సు కదలబోతోంది. ఆమెకి ఇక ఓపిక లేకపోయింది. ఫుట్‌బోర్డు మీద నుంచి బస్సంతా వినేలా అరిచింది.

"ఏవండీ! ఎక్కుతరా, ఎక్కరా?"

ఆడవాళ్ళ సీట్లలో అందరూ తలతిప్పి చూశారు. ఒక్కరూ మొహం చిట్లించలేదు. లక్ష్మీకాంత్ గొడుగు ముడవడం కూడా మరిచిపోయి పరుగెత్తుకొచ్చి ఎక్కాడు.