మొసలి కనపడని దారి

"నీళ్లు లేని సఫారీ కావాలా? మౌన్ లాంటి ఏటి ఒడ్డు ఊళ్లో కూర్చుని అడగాల్సిన మాటేనా ఇది?"

బొనోలో పెన్ను బల్లమీద పెట్టేసింది. ఎదురుగా ఒటెంగ్ టోపీ ఒళ్లో పెట్టుకుని, ఏమీ ఎరగనివాడిలా కూర్చున్నాడు.

ఆఫీసు కిటికీ బయట నది రోజురోజుకూ ఒడ్డెక్కుతోంది. జూలై నెల. ఊళ్లో చినుకు పడి మూడు నెలలైంది. అయినా ఎక్కడో ఉత్తరాన కురిసిన వానంతా తీరిగ్గా నడిచొచ్చి ఇప్పుడే వాకిట్లో నిలబడింది. ఆ నీళ్లమీద దోనెల్లో తిరగడానికే దేశదేశాల నుంచి జనం వస్తారు. దోనె నడపడంలో ఒటెంగ్‌ను మించినవాడు లేడు. వాళ్ల తాత, తండ్రి కూడా గెడకర్ర పట్టుకునే బతికారు.

"ఒక్క చుక్క కూడా కనపడకూడదు," అన్నాడతను. "జంతువులు మాత్రం కనపడాలి. ఏనుగులు తప్పనిసరి."

"ఎవరికి?"

"కొత్తగా పెళ్లయ్యే జంటకు."

"పెళ్లికొడుకు పేరు?"

"ఒటెంగ్."

పెన్ను దొర్లి కిందపడింది. బొనోలో వంగి తీసుకుంది. తీసుకోవడానికి కావలసిన దానికన్నా కాస్త ఎక్కువ సేపే వంగి ఉంది.

రెండేళ్లుగా ఆమె ఈ ఆఫీసులో కూర్చుని వచ్చినవాళ్లందరికీ సఫారీ ప్లాన్లు వేసి ఇస్తోంది. ఒటెంగ్ వాళ్లను తీసుకెళ్లి తిప్పి తెస్తాడు. తెచ్చాక వచ్చి, నువ్వు రాసిన చోట సింహం లేదు, సెలవు పెట్టింది అని ఏడిపిస్తాడు. ఆ ఏడిపింపు లేని రోజు ఆమెకు టీ రుచించదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆదివారం ప్రార్థనలో దేవుడికి మాత్రం రెండు మూడుసార్లు చెప్పింది.

"పెళ్లికూతురు పేరు?"

"ఆ గడి ఖాళీగా ఉంచు. వాళ్లింట్లో ఇంకా అడగలేదు."

"అలాగేనండీ ఒటెంగ్ గారూ."

కోపం వస్తే ఆమె 'మీరు' అని మర్యాదగా మాట్లాడుతుంది. ఆ 'గారూ' వినగానే ఒటెంగ్ నవ్వును టోపీలోకి దాచుకున్నాడు.

"ఇంకేమైనా షరతులున్నాయా, మీ పెళ్లికూతురు గారికి?"

"ఆదివారం పొద్దుటికల్లా చర్చిలో ఉండాలి. మేక మాంసం తినదు. టీలో నాలుగు చెంచాల పంచదార."

"నాలుగా? పాపం, పళ్లేమైపోతాయో," అంది బొనోలో తన కప్పులో మూడో చెంచా వేసి నాలుగో దానికోసం డబ్బా దగ్గరికి లాక్కుంటూ. కోపంలో ఉన్నవాళ్లు తమ కప్పులోకి చూసుకోరు.

"మరి నీళ్లెందుకొద్దు?"

ఒటెంగ్ టోపీ సర్దుకున్నాడు. "వాళ్లది మొసలి వంశం. ఆ అమ్మాయి మొసలిని చూడకూడదు."

బొనోలోదీ మొసలిని గుర్తుగా కొలిచే ఆ వంశమే. దక్షిణాన ఆమె పుట్టిన మొలెపొలోలేలో సగం ఊరు ఆ వంశమే. వాళ్ల ఇంట్లో ఆ జంతువు పేరు కూడా పలకరు. 'నీళ్లలోది' అంటారు. అందుకే పెళ్లికూతురెవరో ఆమెకు వెంటనే వెలిగింది. క్లినిక్‌లో మందులిచ్చే కొత్త అమ్మాయిదీ మొలెపొలోలేనే. పోయిన వారం ఒటెంగ్ ఆమె పెట్టె మోసుకుంటూ బస్టాండు దగ్గర కనపడ్డాడు కూడా.

"దారి దొరికితే శనివారం తెల్లవారుజామున మా మామలు వాళ్లింటికెళ్లి పిల్లనడుగుతారు," అన్నాడతను లేస్తూ. "దొరక్కపోతే వెళ్లరు. వాళ్ల ఇంటి పెద్దావిడ పెట్టిన షరతది. నీళ్లమీద బతికేవాడివి, మా పిల్లను ఎక్కడ తిప్పుతావో రాసి చూపించు అంది."

"గట్టి మనిషే."

"చాలా గట్టి మనిషి. అందుకే నీ దగ్గరికొచ్చాను."

అతను వెళ్లాక బొనోలో తెల్లకాగితం తీసింది. 'ఇలాంటి దారి లేదు.' రాస్తే మూడే మాటలు. వరద కాలం, నీళ్లు తప్పవు, ఎవరూ కాదనరు. మామలు ఇంట్లోనే ఉండిపోతారు. క్లినిక్ అమ్మాయి మందులిచ్చుకుంటూ ఉంటుంది. ఒటెంగ్ రేపూ ఎల్లుండీ ఈ కుర్చీలోకే వస్తాడు.

ఏమీ రాయకుండానే కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికెళ్లింది.

సాయంత్రం అమ్మమ్మ జొన్న సంకటి కెలుకుతుంటే పక్కన పీట వేసుకుంది.

"అమ్మమ్మా, నీళ్లలోది దేవుడు చేసిందే కదా. చూస్తే ఏమవుతుంది?"

"కళ్లు పుండ్లవుతాయని మా అమ్మ చెప్పింది."

"నువ్వు నమ్ముతావా?"

అమ్మమ్మ తెడ్డు ఆపింది. "చర్చిలో కూర్చున్నప్పుడు అంత నమ్మను. ఏటి ఒడ్డున నిలబడితే నమ్ముతాను. ఏది తప్పో ఆ ప్రభువుకే తెలియాలి. పెద్దవాళ్ల మాట కదా అని నిలబెట్టుకుంటున్నాను. కారణం చెప్పి ఉంటే బాగుండేదనుకో."

"ఒకరికి దక్కాల్సింది నా చేతిలో ఉంది. ఇవ్వాలని లేదు."

"నీదా అది?"

"కాదు."

"మరి ఎందుకు పట్టుకుని కూర్చున్నావు? చెయ్యి నొప్పి పుడుతుంది. ఆ ఉప్పు అందుకో."

మర్నాడు పొద్దున్నే బొనోలో ఆఫీసుకెళ్లి పటం పరిచింది. నదిని చేత్తో కప్పేసి మిగిలినదంతా చూసింది. గ్వేటా దగ్గర ముంగిసల్లాంటి బుల్లి జంతువులు చలికి నిలబడి ఎండ కాచుకుంటాయి. కూబూలో ఉప్పు మైదానం నడుమ లావుపాటి బోదెల బావొబాబ్ చెట్లున్నాయి. అక్కడ రాత్రికి నక్షత్రాలు తప్ప ఏమీ ఉండవు. ఇక న్‌హై పాన్ అనే ఎండు మైదానంలో పంపుతో నింపే ఒకే ఒక్క గుంట. మడమ తడిసేంత నీళ్లు. ఏనుగులన్నీ అక్కడికే రావాలి. ఆ గుంటలోకి 'నీళ్లలోది' రావాలంటే బస్సెక్కి రావాలి. అయినా అక్కడి కాపలా ఆయనకు ఫోన్ చేసి మరీ కనుక్కుంది. ఆయన చాలాసేపు నవ్వాడు.

ఎవరి పెళ్లికో తెలిసి కూడా, ఇంతకుముందు ఏ ప్లానూ రాయనంత శ్రద్ధగా రాసింది. నాలుగు చెంచాల పంచదార అని కూడా రాసింది.

ఒటెంగ్ నిలబడే చదివాడు.

"వెళ్లొచ్చిన మనిషి రాసినట్టుంది."

"నేనెక్కడికీ వెళ్లలేదండీ. అందర్నీ పంపుతుంటాను, అంతే."

"తెలుసు," అన్నాడతను. కాగితాన్ని మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు ఏడిపించలేదు. అందుకు ఆమెకు మరీ బాధేసింది.

శుక్రవారం అమ్మమ్మ వాకిలి రెండుసార్లు ఊడిపించింది. "చర్చి వాళ్లొస్తారు. జడలు సరిగా అల్లించుకో," అంది. బొనోలో సగం తల అల్లించుకుని, మిగతా సగానికి మనసొప్పక పడుకుంది.

శనివారం ఇంకా వెలుగు రాలేదు. వాకిట్లో దగ్గు వినిపించింది. కిటికీ తెర తొలగించి చూస్తే, భుజాన దుప్పట్లు వేసుకుని, టోపీలు చేతబట్టుకుని నలుగురు పెద్దమనుషులు వరసగా కూర్చున్నారు. ఎదురుగా బొనోలో మేనమామ. ఆయన పక్కన అమ్మమ్మ, పెళ్లిళ్లకు కప్పుకునే శాలువాతో.

"నీళ్లు తాగే సొరకాయ బుర్ర ఒకటి అడుగుదామని వచ్చాం," అన్నాడు వాళ్లలో పెద్దాయన. పిల్లనడిగే తీరు అది.

"నీళ్లంటే భయపడే ఇంటికొచ్చి నీళ్ల బుర్రా?" అంది అమ్మమ్మ. "షరతు గుర్తుందా?"

పెద్దాయన దుప్పటిలోంచి మడిచిన కాగితం తీశాడు. అమ్మమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, "కళ్లజోడు ఎక్కడ పెట్టానో. బొనోలో, ఇలా వచ్చి చదువు," అని కేకేసింది.

సగం జడలతో, పాత గౌనుతో బొనోలో గడపలోకొచ్చింది. కాగితం అందుకుంది. తన అక్షరాలు తనకే తెలియనట్టు కాసేపు చూసింది. తర్వాత చదివింది. గ్వేటా, కూబూ, న్‌హై పాన్. మడమ తడిసేంత నీళ్లు. నాలుగు చెంచాల పంచదార దగ్గరికి వచ్చేసరికి తలెత్తి చూసింది. కళ్లజోడు అమ్మమ్మ మెడలోనే వేలాడుతోంది.

"పెళ్లికొడుకు, ఒటెంగ్. పెళ్లికూతురు..." ఆగిపోయింది.

"ఏం రాసుంది?"

"ఖాళీ."

"ఆఫీసు పని ఇలాగేనా చేస్తావు, అమ్మాయ్?" అంది అమ్మమ్మ. "వెళ్లి పెన్ను తెచ్చుకో. ఇష్టమైతేనే."

బొనోలో లోపలికి పరుగెత్తింది. నలుగురు మామలూ, పరుగులోనే జవాబు దొరికిందని, దుప్పట్లు సర్దుకున్నారు.

ఎండెక్కాక ఏటి ఒడ్డున దోనె కడుగుతున్న ఒటెంగ్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"మరి క్లినిక్ అమ్మాయి?"

"బస్సు దిగి మీ ఇల్లెక్కడని అడిగింది. మీ అమ్మమ్మకు చెల్లెలి మనవరాలట. పెట్టె నేనే మోసి మీ గుమ్మంలో దింపాను; నువ్వు ఇంటికొచ్చేలోగా ఆమె క్లినిక్ గదికి వెళ్లిపోయింది. అప్పుడే మీ అమ్మమ్మ నన్ను పట్టుకుని కూర్చోబెట్టి షరతు పెట్టింది, నీకేమీ చెప్పొద్దంది."

"మూడు రోజులు ఏడ్చాను, నీ మొహానికి."

"హమ్మయ్య, 'నువ్వు'కి వచ్చావు," అన్నాడు ఒటెంగ్.

పెళ్లయ్యాక ఆ దారి వెంటే వెళ్లారు. గుంట దగ్గర ముప్పై ఏడు ఏనుగులు లెక్కపెట్టింది బొనోలో. చివరి రోజు మాత్రం తానే ప్లాను మార్చింది. ఒటెంగ్ తండ్రి దోనెలో ఒక పూట. ఫోన్ చేసి అడిగితే అమ్మమ్మ ఒప్పుకుంది. "నీళ్లమీదికి వెళ్లొద్దని మా అమ్మ అనలేదు. చూడొద్దంది. కళ్లు మూసుకుంటే చాలేమో."

కలువల మధ్య దోనె మెల్లగా సాగుతోంది.

"మూసుకో," అన్నాడు ఒటెంగ్.

ఆమె రెండు కళ్లూ గట్టిగా మూసుకుంది. గెడకర్ర పక్కన పెట్టిన చప్పుడైంది. తర్వాత ఆమె చెయ్యి అతని చేతిలో ఉంది.

"నీళ్లలోది వెళ్లిందా?"

"లేదు."

రెల్లు గాలికి సరసరలాడింది. ఎక్కడో ఒక పిట్ట రెండుసార్లు కూసింది.

"ఇంకా ఉందా?"

"ఉంది."

"ఇంతసేపా? ఎంత పెద్దదేంటి?"

"చాలా పొడవు," అన్నాడు ఒటెంగ్, ఏమీ లేని ఒడ్డుకేసి ఒకసారి చూసి, మళ్లీ ఆమె మొహంకేసి చూస్తూ. "ఇప్పుడే తల కనపడింది. తోక రావడానికి ఇంకా చాలాసేపు పడుతుంది."

బొనోలో పెదవుల చివర నవ్వు కదిలింది. కళ్లు మాత్రం తెరవలేదు.