ఐసు ఫ్యాక్టరీ మూలన ఇంజిన్ చప్పుడు

మా రేవులో పగటిపూట ఎవరూ నమ్మని చోటు ఒకటుంది. చీకటి పడ్డాక దాన్ని నమ్మనివాడు ఒక్కడూ ఉండడు.

పాత ఐసు ఫ్యాక్టరీ మూల. కప్పు ఏనాడో తుఫానుకి ఎగిరిపోయింది, ఉప్పుగాలికి గోడలు పొట్టు రాలుతున్నాయి. ఆ గోడ వెనక ఒకే ఒక్క పడవ కట్టే చోటుంది. అది మా బాబాయి పడవ.

చంద్రుడి లెక్కలో ఏడో నెల... పాతాళం తలుపులు తెరిచి దెయ్యాలను ఊళ్ళమీదికి వదిలే నెల. ఆ నెలంతా పెంగ్‌హూ దీవుల్లో మా ఊరి చిన్న పడవలేవీ రేవు దాటవు, ఎవరూ పడవ మీద చెయ్యి కూడా వెయ్యరు. సరిగ్గా ఆ నెలలోనే ఆ మూల నుంచి రాత్రిపూట ఇంజిన్ చప్పుడు వస్తుంది. కాసేపు తిరుగుతుంది. తర్వాత — ఎవరో పీక నొక్కినట్టు — దగ్గి, దగ్గి... ఆగిపోతుంది.

పదేళ్ళుగా ఇదే మాట.

రెండు చలికాలాల కిందట బాబాయి జబ్బు చేసి పోయాడు. పడవ పిన్ని చేతికొచ్చింది. మా పిన్ని యూషియా పీతల బుట్టలు వేయడంలో మగాళ్ళకి పాఠాలు చెప్పగలదు, చెప్పేది కూడా. అదే ఆమె చేసిన తప్పు.

ఆరో నెల ఆఖరి సాయంత్రం, పడవలన్నీ కట్టేస్తుండగా మా నాన్న తియెన్‌ఫు గొంతు సవరించుకున్నాడు.

"యూషియా, ఆడదాని చేతికి సముద్రం లొంగదమ్మా. తమ్ముడి పడవ నాకిచ్చెయ్. నీ ఇంటికి చేప నేను పంపిస్తా."

"మీకు లొంగిందా బావగారూ? పోయినవారం మూడు బుట్టలు సముద్రానికే వదిలేసి వచ్చారుగా!"

రేవంతా గొల్లుమంది. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. అక్కడే ఉన్న గుడి పెద్ద చుయ్ తాతని సాక్షిగా లాగాడు.

"ఎనిమిదో నెల మొదటిరోజు, అందరి ముందూ! తాడు మూడు లాగుళ్ళలో ఇంజిన్ లేస్తే పడవ నీది. లేవలేదా, సముద్రాన్ని కాచే మాత్సు తల్లికి నువ్వు నచ్చలేదని అర్థం. పడవ నాది."

అది పందెమా? కాదు, వల. నెలరోజులు ముట్టని ఇంజిన్ పది, పదిహేను లాగుళ్ళకి గానీ లేవదని ఊళ్ళో పసివాడికీ తెలుసు. దెయ్యాలు దాని గొంతులో కూర్చుంటాయని చెప్పుకుంటారు. ఒక్క బాబాయి పడవ మాత్రమే ఏటా మొదటి లాగుడుకే లేచేది. అది అతని చేతి చలవ అనేవారు. ఆ చెయ్యి ఇప్పుడు లేదు కదా — అదీ మా నాన్న ధీమా.

పిన్ని తాడు ముడి బిగించి లేచింది. "మూడెందుకు బావగారూ? ఒక్కటి చాలు."

ఏడో నెల వచ్చింది. మూడోరోజు రాత్రి... చప్పుడు మళ్ళీ వినిపించింది.

ఇంకేముంది? "పోయినవాడు పడవ కోసం వచ్చాడు!" అని ఊరు తేల్చేసింది.

ఇక అసలు సంగతి. ఇది మా నాన్న నోటితోనే విన్నాను. చెప్పిన ప్రతిసారీ దెయ్యం జానెడు పెరుగుతుంది గనక, మొదటిసారి విన్నదే చెప్తాను.

ఇరవయ్యో రాత్రి. చుయ్ తాత ఇంట్లో పెద్దలకి పెట్టిన భోజనం. నాన్న రెండు గుక్కల జొన్నసారా (ఆయన లెక్కలో రెండు) వేసుకుని, బాతు కాలు ఒకటి కాగితంలో చుట్టుకుని, అడ్డదారిన బయల్దేరాడు. అడ్డదారి ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కనించే.

గాలి లేదు. అలల చప్పుడు కూడా లేదు.

గోడ అవతల... "స్స్స్‌స్..."

ఎవరో ఎన్నాళ్ళగానో బిగబట్టిన ఊపిరి వదిలినట్టు.

నాన్న ఆగాడు. ఆ తర్వాత తుప్... తుప్... తుప్... మెత్తగా, నెమ్మదిగా — గుండెకాయని చేత్తో పిండుతున్నట్టు. ఆపైన ఝర్ర్ మని తాడు గుంజిన చప్పుడు, ఇంజిన్ భగ్గుమంది!

పారిపోవచ్చు కదా? ఊహూ. గోడ సందులోంచి చూశాడు.

పడవలో చిన్న దీపం. దీపం మీదికి వంగి ఒక ఆకారం. దానికి ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట తెల్లగా, నున్నగా... రెండు కళ్ళు మాత్రం.

ఇంజిన్ గొంతు మారింది. దగ్గింది. ఎగశ్వాస పెట్టింది. ఆ ఆకారం దాని మీద చెయ్యి వేసి గుసగుసలాడింది —

"తాగు... అంతా తాగెయ్... చుక్క కూడా మిగల్చకు..."

ఇంజిన్ ప్రాణం పోయింది. ఆ నిశ్శబ్దంలో, మా నాన్న చేతిలోని బాతు కాలు కిందపడిన చప్పుడు.

రెండు కళ్ళూ ఇటు తిరిగాయి.

ఆ రాత్రి నాన్న ఎంత వేగంగా పరిగెత్తాడంటే, నీలం-తెలుపు రబ్బరు చెప్పు ఒకటి వెనకే ఉండిపోయింది. మూడురోజులు దుప్పటి తియ్యలేదు. "తమ్ముడు ఇంజిన్ని నా రక్తం తాగమంటున్నాడు" అని గొణుక్కున్నాడు. పందెం మాత్రం వదల్లేదు. చూశారా, భయం కంటే మొండితనం ఎంత గట్టిదో!

ఎనిమిదో నెల మొదటిరోజు తెల్లారింది. రేవు నిండా జనం. పిన్ని ట్యాంకు మూత మీది గాలి పోయే మర వదులు చేసింది, స్స్స్ మంది; గొట్టం ఇంజిన్‌కి తగిలించింది, గొట్టం మధ్యలోని రబ్బరు బుడ్డిని గట్టిపడేదాకా పిండింది. తుప్, తుప్, తుప్. నాన్న ముఖంలో రంగు మారడం నేను చూశాను.

ఒక్కటే లాగుడు.

ఇంజిన్ లేచిన చప్పుడుకి గట్టు మీద కొంగలు లేచిపోయాయి. "అది తల్లి మాట!" అన్నాడు చుయ్ తాత. పిన్ని వెనక్కి చూడకుండా సముద్రంలోకి వెళ్ళిపోయింది.

మా నాన్న తన ఇంజిన్‌ని పద్దెనిమిది సార్లు లాగాడు. నేను లెక్కపెట్టాను. అది తెల్లటి పొగ కక్కి, పడుకుంది.

సాయంత్రం పిన్ని మా ఇంటికొచ్చింది. ఒక చేతిలో బుట్టెడు పీతలు, ఇంకో చేతిలో కాగితం పొట్లం. పొట్లంలో నీలం-తెలుపు రబ్బరు చెప్పు.

"బావగారూ, ఇది మీదేనా? ఆ రాత్రి తొందరలో ఉన్నారు."

నాన్న చెప్పుకేసి చూశాడు. పిన్ని మెడలో వేలాడుతున్న గుడ్డకేసి చూశాడు — ఎండకి మా ఆడవాళ్ళందరం కళ్ళు మాత్రం వదిలి ముఖానికి చుట్టుకునే తెల్లగుడ్డ.

"నాది కాదు," అన్నాడు.

"పిన్నీ, నువ్వా!" అన్నాను.

"పదేళ్ళూ నేనూ మీ బాబాయీనే. ఆయన లాగేవాడు, నేను దీపం పట్టేదాన్ని." దీపం పట్టినట్టు చెయ్యి ఎత్తి చూపించింది. "నెల్లాళ్ళు ఇంజిన్ కడుపులో పెట్రోలు వదిలేస్తే పాకంలా జిగురు కడుతుందే. సన్న దారులన్నీ మూసుకుపోతాయి. అందుకే గొట్టం పీకేసి, ఉన్నదంతా తాగి అదే ఆగిపోయేదాకా తిప్పాలి. ట్యాంకు సగం ఖాళీగా ఉంచావా, లోపల చెమట పట్టి నీళ్ళు దిగుతాయి. నాలుగువేళ్ళు వదిలి నిండా పోసి, గాలి మర బిగించాలి."

"ఆ పని ముందే చెయ్యొచ్చుగా?"

"ఆఖరిరోజు చీకటిదాకా వేటే కదా, కట్టగానే పూజకి పరుగు. దొంగతనంగా ఒక్కసారి చేస్తే చాలు. ఈ ఏడు మూడుసార్లు చేశాను." గొంతు తగ్గింది. "భయమేసింది. పడవ పోతే... ఆయన చెయ్యి కూడా పోయినట్టే."

"ముట్టకూడని నెల కదా!" నాన్న పత్రిక వెనకనించి గర్జించాడు. పత్రిక తలకిందులుగా ఉంది.

"ఆకలితో వచ్చిన దెయ్యాలకి నెలంతా వడ్డిస్తారు కదా బావగారూ! దాహంతో ఉన్న ఇంజిన్‌కి నాలుగు చుక్కలు తాగించడం పాపమా?"

మా నాన్న పత్రిక మడిచి పక్కన పెట్టాడు. పీతలు తిన్నాడు. చెప్పు ససేమిరా తీసుకోలేదు. పిన్ని దాన్ని తన పడవలో మేకుకి తగిలించింది.

ఇది జరిగి ఏడాదైంది. ఈ ఏడో నెలలో ఐసు ఫ్యాక్టరీ మూలకి ఇంకా చెడ్డపేరొచ్చింది. ఇప్పుడక్కడ దెయ్యాలు రెండట. చుయ్ తాత కళ్ళారా చూశాడు. ఒకదానికి ముఖం లేదు. రెండోది వంగి, ఇంకో ఇంజిన్ చెవిలో "తాగవే తల్లీ, తాగు" అని బతిమాలుతోందట.

దాని ఒక కాలికి నీలం చెప్పు, ఇంకో కాలికి మా అమ్మ వంటింటి ఎర్ర చెప్పు.