ఖాళీగా వదిలిన ఆదివారం

పార్కు చెరువు గట్టున దీపస్తంభానికి గొయ్యి తవ్విస్తున్న ఎలక్ట్రీషియన్‌ని సైన్స్ టీచర్ ఆపింది. గట్టుకున్న ఆ కన్నం లకుముకి పిట్ట గూడంది. ఎలుక కన్నమని అతను వాదించాడు. పది నిమిషాలు కదలకుండా నిలబడి చూడమంది. ఎండ మాడ్చేస్తున్నా పంతం కొద్దీ నిలబడ్డాడు. ఎనిమిదో నిమిషంలో నీలం రెక్కల పిట్టొకటి చేపపిల్లను కరుచుకొచ్చి కన్నంలోకి దూరింది.

స్తంభాన్ని ఇరవై అడుగులు అవతలికి జరిపి, ఇంజినీరు చేత చీవాట్లు తిన్నాడు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. మరుసటి ఆదివారం మాత్రం, పనేమీ లేకపోయినా పార్కుకొచ్చాడు.

పార్కులో కనిపించిన పిట్టల్నీ జంతువుల్నీ ఆమె ఆరేళ్లుగా ప్రతి ఆదివారం లెక్క రాస్తోంది. అతనూ వెంట తిరిగాడు. వానలు పడేసరికి అరుపుని బట్టి రెండు రకాల కప్పల్ని గుర్తుపట్టడం వచ్చింది. ఉడుతలు కొట్లాడుకుంటున్నాయో సరసమాడుతున్నాయో మాత్రం అంతుపట్టేది కాదు. అడిగితే, రెంటికీ పెద్ద తేడా లేదంది.

ఆ వానల్లోనే ఆమె బడి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. కాలికన్నా లెక్క తెగిపోతుందన్న బెంగే ఎక్కువైంది. అతను నోటుబుక్కు తీసుకుని, ప్రతి ఆదివారం గొడుగేసుకుని తిరిగి, రాసింది ఆమె ఇంటికి తెచ్చి చూపించేవాడు. ఆమె తల్లి బట్టలు కుడుతూ అతని చేత పైకి చదివించుకునేది.

"గోధుమరంగు పిట్ట ఒకటి. పేరు తెలీదు. నన్ను చూసి విసుక్కుంది."

తల్లి నవ్వాపుకోలేక కుట్టు వంకర తిప్పేసింది.

ఏడో వారం పేజీలో 'జ్వరం, వెళ్లలేదు' అని మాత్రమే ఉంది. టీచర్ మొహం చిన్నబోయింది. పోయిన వారం అంకెలే కాస్త అటూ ఇటూ చేసి రాసుంటే తనకు తెలిసేదే కాదుగా అంది.

"మీకు తెలిసేది కాదు. కానీ చూడని బాతుల్ని ఎలా రాయను?" అన్నాడతను.

అతను వెళ్లాక ఆమె ఆ పేజీ తీసి చాలాసేపు చూసింది.

చలికాలానికి కాలి కట్టు విప్పారు. చెరువులో వలస బాతులు దిగాయి. నూట నాలుగని ఆమె, నూట ఆరని అతను కాసేపు వాదించుకున్నారు. తర్వాత అతను నోటుబుక్కు ఆమె చేతికిచ్చి, ఇక తన అవసరం ఉండదేమో అన్నాడు.

"అంటే, వచ్చే వారం నుంచి నువ్వు రావా?"

ఇన్నాళ్లూ 'మీరు' అన్న మనిషి 'నువ్వు' అనేసరికి అతనికి మాట తడబడింది. "రమ్మంటే వస్తాను. ఆదివారాలే కాదు, రోజూ."

ఆమె నీళ్లవైపు చూస్తూ, "అయితే మా అమ్మనడుగు. నేనొప్పుకున్నానని కూడా చెప్పు," అంది.

ఆ సాయంత్రమే వెళ్లి అడిగాడు. తల్లి మిషన్ ఆపి, కళ్లద్దాలు పైకి తోసి, ఇన్నాళ్లు పట్టిందేం నాయనా అని, కుర్చీ చూపించింది.